స్టైలస్ బరువు తూచే బుల్లి తక్కెడ: చాలాకాలం వాడాక

బ్యాటరీ అడుగంటుతోందని ఒక్క ముక్క చెప్పి చావదు. రికార్డు ప్లేయర్ సూది (స్టైలస్) రికార్డు మీద ఎంత బరువుతో ఆనుతోందో తూచే ఈ డిజిటల్ తక్కెడ మీద నా కోపమంతా అదొక్కటే. మిగతా విషయాల్లో తిట్టడానికి నోరు రాదు. కంపెనీ పేరు అడక్కండి, ఇలాంటి డబ్బాలే రకరకాల పేర్లతో దొరుకుతాయి.

కొన్న కొత్తలో దీన్ని తెగ పొగిడాను. అంతకుముందు కౌంటర్‌వెయిట్ (సూదిని మోసే ఆర్మ్‌కి వెనక తగిలించే బరువు) మీది అంకెల చక్రాన్నే నమ్ముకుని లాగించేవాణ్ని. ఆర్మ్ గాల్లో తేలేలా సరిచూసి, చక్రాన్ని సున్నాకు తెచ్చి, అక్కణ్నుంచి 1.8 గ్రాముల దాకా తిప్పడం. ఆ తేలడమన్నది ఉత్త కంటిలెక్క. ముక్కు కాస్త పైకి లేచి ఉన్నా తేలినట్టే కనిపిస్తుంది. చక్రం 1.8 అంటుంటే తక్కెడ 1.52 చూపించింది. సూదిని పట్టి ఉంచే నా కార్ట్రిడ్జ్‌కి తయారీదారు పెట్టిన హద్దులు 1.6 నుంచి 2.0 గ్రాములు. అంటే అన్నాళ్లూ కింది గీత దాటేసి వింటున్నానన్నమాట. 1.8కి తెచ్చాక ప్రతి వైపు చివరి పాటలో ‘స’, ‘శ’ల దగ్గర వినిపించే ఆ బరబర చాలా వరకు పోయింది.

కొంతకాలానికి స్టైలస్ అరిగి కొత్తది తగిలించాను. మళ్లీ తూచాను. ప్లాటర్ (రికార్డు తిరిగే పలక) ఆపి, యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి పోకుండా బయటికి లాగే ఏర్పాటు) సున్నాలో పెట్టి, ఆర్మ్‌ని దించే లివర్ మెల్లగా దించితే సూది తక్కెడ మీది చుక్కలో కూచుంది. అంకెలు కాసేపు అటూ ఇటూ పరుగెత్తి 1.80 దగ్గర నిలబడ్డాయి. ముచ్చటగా ఉంది. రికార్డు పెడితే మాత్రం పాత బరబర తిరిగొచ్చింది, అదీ కుడి స్పీకర్లోనే ఎక్కువ. కుడి ఒక్కటే చెడితే మొదటి అనుమానం యాంటీ స్కేటింగ్ మీదికే పోతుంది. ఆర్మ్ లోపలికి లాగేస్తుంటే సూది గాడి లోపలి గోడకు, అంటే ఎడమ ఛానెల్‌కు ఒరిగి, కుడి ఛానెల్ ఉన్న బయటి గోడను సరిగ్గా పట్టుకోదు. పెంచి చూశాను. కొంచెం తగ్గింది కానీ పోలేదు. సూదిని బ్రష్‌తో వెనక నుంచి ముందుకు తుడిచాను. ముందు నుంచి చూసి నిటారుగా ఉందో లేదో సరిచూశాను. ఇక మిగిలింది కొత్త స్టైలస్సే. నకిలీ సరుకు అంటగట్టారని అమ్మినవాణ్ని మనసులో నానా మాటలూ అన్నాను.

తూకం సరిచూసుకోవడానికి తక్కెడతో పాటు ఇచ్చిన 5 గ్రాముల బిళ్ల డబ్బా అడుగున పడి ఉంది. ఏ పాపాన పోయిందో చూద్దామని దాన్ని పెడితే 5.79 వచ్చింది! బ్యాటరీ మార్చి మళ్లీ పెడితే 5.00. తెర వెలుగు తగ్గలేదు, గుర్తేదీ మెరవలేదు. అది 1.80 అన్నప్పుడు సూది మీద ఉన్నది 1.55 దాకానే. అసలు బాధ అక్కడుంది. బరువు ఎక్కువైతే రికార్డు అరిగిపోతుందని అందరూ జడుస్తారు గానీ, తక్కువైతేనే సూది గాడిలో ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది. పియానో గట్టిగా మోగే చోట ఒక మంచి రికార్డుకి ఆ దెబ్బ తగిలింది. ఇప్పుడు బరువు సరిగ్గా పెట్టినా అక్కడ చిన్న గరగర వస్తూనే ఉంది. అప్పట్నుంచి ముందు బిళ్ల, తర్వాతే సూది.

చివరి పాట బాగుపడిన ఘనత అంతా తక్కెడకే కట్టబెట్టాను గానీ, ఆ వారంలోనే అద్దపు ప్రొట్రాక్టర్‌తో (సూది కోణం సరిచూసే పలక) కార్ట్రిడ్జ్‌ని ముందుకు జరిపి బిగించాను కూడా. మధ్య కడ్డీ నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర సూది గాడికి సరిగ్గా వరసలో ఉండేలా. లోపలి గాడి దగ్గర ఆ వరస తప్పితే బరువు ఏం చేస్తుంది? నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక్క చుట్టుకి 1.8 సెకన్లే. బయటి అంచున ఆ సమయంలో 90 సెంటీమీటర్ల పైచిలుకు గాడి సూది కింద నుంచి పోతుంది, చివరి పాట దగ్గర 40 లోపే. అదే శబ్దం అంత ఇరుకులో కుక్కితే కోణంలో చిన్న తేడా కూడా చెవికి తెలుస్తుంది. పైగా నాది ఎలిప్టికల్ మొన, అంటే కోలగా ఉండేది. గుండ్రటి కోనికల్ మొన ఉన్నవాళ్లకు ఈ తంటాలన్నీ పడ్డా నాకు వచ్చినంత తేడా రాకపోవచ్చు.

రెండో దశాంశ స్థానం ఉత్త హంగు. 1.80కీ 1.85కీ తేడా నా చెవులకైతే పట్టలేదు. ఇంకొకటి, ఈ తక్కెడ పళ్లెం ఎత్తుగా ఉంటుంది. ప్లాటర్ మీది మ్యాట్ తీసేసి పెడితే గానీ రికార్డు ఎత్తుకు దగ్గరగా రాదు. ఎత్తు మారితే కొన్ని ఆర్మ్‌లలో అంకె కూడా కొద్దిగా మారుతుంది.

నేను రెండు హెడ్‌షెల్స్ (కార్ట్రిడ్జ్ బిగించే ముక్కలు) మార్చి మార్చి వాడతాను, వినేది ఎక్కువగా గాత్రం. కాబట్టి నాకిది చేతికింద ఉండాల్సిందే, మళ్లీ కొనాల్సొచ్చినా తిట్టుకుంటూ కొంటాను. ఒకే కార్ట్రిడ్జ్ బిగించి ఏళ్ల తరబడి ముట్టుకోనివాళ్లకు షూర్ కంపెనీ ఎస్‌ఎఫ్‌జీ-2 లాంటి పాత పద్ధతి తక్కెడ చాలు. షూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేసింది గానీ, ఆ తక్కెడ ఎక్కడైనా దొరికితే వదలొద్దు. దానికి బ్యాటరీ గొడవే లేదు. కౌంటర్‌వెయిటే లేని సూట్‌కేస్ ప్లేయర్ మీదైతే ఏ తక్కెడా కొనకండి, తూచి తెలుసుకున్నా మార్చడానికి అక్కడేమీ ఉండదు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ (గట్టి అయస్కాంతం ఉండే రకం) వాడేవాళ్లు మాత్రం తక్కెడ పళ్లెం ఇనుముదా కాదా అని అడిగి కొనండి. అయస్కాంతం లాగితే అంకె తప్పడం ఒకెత్తు, సూది ఠక్కున పడి విరగడం ఇంకొకెత్తు.