వెల్లుల్లికి 24×12×9 గ్రో బ్యాగ్: వెడల్పు భేష్, అడుగు సరిచేసుకోవాలి

మిద్దెతోటలో ఎల్లిగడ్డ వేసేవాళ్లు అలవాటుగా 12×12 గుండ్రటి బ్యాగే కొంటారు. నాలుగంగుళాల ఎడం పాటిస్తే దాంట్లో పట్టేవి ఏడు రెబ్బలు, మట్టి మాత్రం 20 లీటర్లు మింగుతుంది. పొడవాటి 24×12×9 అంగుళాల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్ పోగుల నేత) బ్యాగ్‌ను అంగుళం వెలితి ఉంచి నింపితే 38 లీటర్లు పడుతుంది, వరసకు ఆరు చొప్పున మూడు వరసలు, 18 రెబ్బలు. వెల్లుల్లి వేళ్లకు ఎనిమిదంగుళాలు చాలు. ఇంకా లోతు బ్యాగ్ కొనడం దండగ.

220 జీఎస్ఎం (చదరపు మీటరుకు 220 గ్రాముల బరువు) గుడ్డ గట్టిదే. చిక్కంతా అడుగున ఉంది. నీళ్లు పోయే రంధ్రాలు అడుక్కి పెట్టలేదు, పక్క గోడలకు అర అంగుళం ఎత్తున పెట్టారు. ఆ కిందనున్న నీళ్లు ఎటూ పోవు. హైదరాబాద్‌లో నాటేది అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు మధ్య దాకా. అప్పుడు తుపాను ముసురు పట్టిందంటే అడుగు మట్టి బురదై వేళ్లు మురిగిపోతాయి, ఆకుల కొనలు పండుబారతాయి. అందుకే మట్టి పోయకముందే మేకు ఎర్రగా కాల్చి అడుగున పది రంధ్రాలు పెట్టండి. కత్తెరతో కోస్తే పోగులు ఊడుతూనే ఉంటాయి. కాల్చినచోట అంచు కరిగి అతుక్కుంటుంది. తర్వాత బ్యాగ్‌ను ఇటుకల మీదికి ఎక్కించండి. నింపాక హ్యాండిల్స్ పట్టి లాగొద్దు, తడిస్తే 40 కిలోల పైమాటే.

పొడవు గోడలు పొట్టలా ఉబ్బుతాయి. నడిమికి ఓ నైలాన్ తాడు అడ్డంగా కట్టేస్తే సరి.

ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు రెండు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒకటి, గుప్పెడు వేపపిండి. కోకోపీట్ అంతకు మించితే తేమ ఆరదు. గడ్డ వెలుపలి లావు రెబ్బలే ఏరి, మొన పైకి ఉంచి రెండంగుళాల లోతున గుచ్చండి. నడిమి సన్న రెబ్బలకు ఒంటిరెబ్బ గడ్డలే వచ్చే అవకాశం ఎక్కువ. కొండ ప్రాంతాల లావు రెబ్బల రకం చూసి మోజుపడొద్దు: దానికి పగలు పొడవుగా ఉండాలి, మన చలికాలంలో ఆకు పెరుగుతుంది గానీ గడ్డ ఊరదు. భీమా పర్పుల్ లాంటి మైదాన రకం వేసుకోండి.

ఫిబ్రవరి ఎండకు గోడల పక్క వరసలు ముందు వాడతాయి, వేలు గుచ్చి చూడాల్సింది అక్కడే. సగం ఆకులు పండగానే నీళ్లు ఆపేసి, పది రోజులకు పెరకండి.

నాలుగు స్టార్లు. రంధ్రాలు అడుక్కే పెట్టి అమ్మితే ఐదూ ఇవ్వొచ్చు.