6.5 క్రీడ్‌మోర్: ఒక బ్యారెల్ అరిగి రెండోది ఎక్కించాక

బలం కోసమైతే ఈ 6.5 రైఫిల్ తూటా కొనక్కర్లేదు. గొట్టం మూతి దగ్గర శక్తి లెక్క తీస్తే .308 విన్‌చెస్టర్‌దే పైచేయి: 168 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌కు సుమారు 2,700 అడుగు-పౌండ్లు, క్రీడ్‌మోర్ 140 గ్రెయిన్లకు 2,280 చిల్లర. 1,000 గజాలు చేరేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉన్న బుల్లెట్ గాలిని చీల్చుకుపోతూ వేగాన్ని తక్కువగా పోగొట్టుకోవడమే కారణం. అయినా దూరపు గురిలో ఓడించేది శక్తి కాదు, పక్కగాలి. గాలిని తప్పుగా అంచనా వేసినప్పుడు క్రీడ్‌మోర్ కొంత మాఫీ చేస్తుంది. దీన్ని వాడటానికి అసలు కారణం అదే.

హార్నడీ సంస్థలో డేవ్ ఎమరీ, పోటీ షూటర్ డెనిస్ డెమిల్ కలిసి .30 టీసీ అనే తూటా ఖోలు (మందు, బుల్లెట్ పట్టుకునే ఇత్తడి గొట్టం) ఆధారంగా దీన్ని రూపొందించారు. 2007లో బయటికొచ్చింది. కిటుకంతా ఖోలు పొడవులోనే ఉంది. 1997 నాటి .260 రెమింగ్టన్ కూడా ఇదే వ్యాసం బుల్లెట్‌ను దాదాపు ఇదే వేగంతో పంపుతుంది. కానీ దాని ఖోలు 2.035 అంగుళాలు. పొడవాటి మ్యాచ్ (పోటీ) బుల్లెట్ పెడితే షార్ట్ యాక్షన్ (బోల్ట్ కదిలే చోటు పొట్టిగా ఉండే) రైఫిల్ మ్యాగజైన్‌లో పట్టదు, లోపలికి దించితే మందు చోటు తింటుంది. క్రీడ్‌మోర్ ఖోలు 1.920 అంగుళాలే కాబట్టి 140, 147 గ్రెయిన్ల బుల్లెట్లతో కూడా మొత్తం పొడవు 2.825 అంగుళాలు దాటదు. పైగా ఫ్యాక్టరీ రైఫిళ్లు మొదటినుంచీ 1:8 ట్విస్ట్‌తోనే (బ్యారెల్ లోపలి గాడి 8 అంగుళాలకు ఒక చుట్టు) వచ్చాయి. .260కి చాలాకాలం పొడవాటి బుల్లెట్లను సరిగా తిప్పలేని 1:9 ఇచ్చి దాని నోరు నొక్కేశారు, పాపం.

గాలి సంగతి అంకెల్లో చూద్దాం. 140 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్ (హార్నడీ పోటీ బుల్లెట్) సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్తుంటే ఇది ‘6 మైళ్ల తుపాకి’. అంటే గంటకు 6 మైళ్ల నిండు పక్కగాలిలో ప్రతి 100 గజాలకు 0.1 మిల్ (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) చొప్పున గురి పక్కకు పట్టాలి: 400కి 0.4, 600కి 0.6. .308లో 175 గ్రెయిన్ల మ్యాచ్ తూటా ‘4 మైళ్ల తుపాకి’, మహా అయితే నాలుగున్నర. ఇప్పుడు 600 గజాల దగ్గర 10 అంగుళాల ఇనుప పళ్లెం పెట్టి, గాలిని 2 మైళ్లు తప్పుగా చదివామనుకోండి. క్రీడ్‌మోర్ 0.2 మిల్, అంటే 4.3 అంగుళాలు పక్కకు పోతుంది. పళ్లెం సగం 5 అంగుళాలు కాబట్టి అంచునైనా టంగుమంటుంది. .308 మాత్రం 0.3 మిల్, ఆరున్నర అంగుళాలు తప్పి వెనక మట్టి లేపుతుంది. షూటర్ ఒకడే, తప్పూ ఒకటే.

ఈ సూత్రం 600-700 గజాల దాకా బాగా నిలుస్తుంది. ఆపైన బుల్లెట్ నెమ్మదించే కొద్దీ తక్కువ చూపుతుంది. 1,000 దగ్గర 6 మైళ్ల గాలికి 1.0 కాదు, 1.2 దాకా పట్టాలి. చాలామంది ఇక్కడే చతికిలబడతారు.

ఇక కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్ను సంగతి. 8 పౌండ్ల రైఫిల్‌లో క్రీడ్‌మోర్ 13-14 అడుగు-పౌండ్లు తంతుంది, .308 అయితే 17-18. భుజం నొప్పి పెద్ద విషయం కాదు. ట్రిగ్గర్ నొక్కాక స్కోప్ లక్ష్యం మీదే నిలిచి, మన తూటా ఎక్కడ పడిందో మనమే చూసుకోగలగడం ముఖ్యం. పక్కన చూసి చెప్పేవాడు లేకపోయినా రెండో తూటా దిద్దుకోవచ్చు. 12 పౌండ్ల రైఫిల్, తన్ను తగ్గించే మజిల్ బ్రేక్ ఉంటే 400 గజాలకే పడిన చోటు కనిపిస్తుంది. అమెరికా ప్రత్యేక దళాలు 2017లో .308, .260, క్రీడ్‌మోర్‌లను పక్కపక్కనే పరీక్షించి దీన్నే ఎంచుకున్నాయి.

పెట్టె మీద అచ్చేసిన వేగాన్ని నమ్మొద్దు. అది 24 అంగుళాల బ్యారెల్ లెక్క. అంగుళం తగ్గితే 20-25 అడుగుల వేగం పోతుంది. 20 అంగుళాల బ్యారెల్‌తో 2,710 అని గురి లెక్క తీసే యాప్‌లో కొడితే 300 గజాల దాకా అంతా బాగున్నట్టే ఉంటుంది, 800 దగ్గర తూటాలన్నీ కింద పడతాయి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో కనీసం 10 తూటాలు కొలిచి ఆ సగటు వాడాలి. ఇంకో మెలిక: కొత్త బ్యారెల్ మొదటి 100-200 తూటాల్లో తనంతట తానే 50 అడుగుల దాకా వేగం పెంచుకోవచ్చు. అందుకే 200 దాటేదాకా దూరాల గురి పట్టిక ఖరారు చేయకూడదు.

వేటకు ఇది సరిపోతుందా అంటే, ఏ జంతువుకు అనేది తేలాలి. టెక్సాస్‌లో తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కాస్త వింతగా ఎదురవుతుంది. అక్కడ వేటాడే యాక్సిస్ డీర్ మరేదో కాదు, మన చుక్కల దుప్పే. 1932లో తెచ్చి వదిలారు. దక్షిణాన తీరం వైపు పశువుల రాంచ్‌లలో మనుబోతులు కూడా ఉన్నాయి, నీల్గాయి అనే పిలుస్తారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద ముట్టుకుంటే జైలే. అక్కడ ఇవి బయటినుంచి వచ్చిన జాతులు, రాష్ట్రం పెట్టిన సీజన్ కూడా లేదు, హంటింగ్ లైసెన్స్ మాత్రం తప్పనిసరి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు ఆ లైసెన్స్ ఇంకా కీలకం. ఫెడరల్ చట్టం వాళ్లను తుపాకి, తూటాలు రెండూ ఉంచుకోనివ్వదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం అందులో ఉన్న మినహాయింపుల్లో ఒకటి. దాని గడువు ముగిసిన మర్నాడు మినహాయింపూ ఉండదు.

దుప్పికి, తెల్లతోక జింకకు 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ ఎక్స్ (హార్నడీ వేట బుల్లెట్) దివ్యంగా పనిచేస్తుంది. 500 గజాల దగ్గర కూడా 2,000 అడుగుల వేగం, 1,300 అడుగు-పౌండ్లు మిగులుతాయి. కాగితం మీద ఇంకా దూరం పోవచ్చుగానీ 400 దగ్గర ఆగడం మర్యాద. 500 గజాలు చేరడానికి తూటాకు అర సెకనుకు పైనే పడుతుంది, ఆలోపు జంతువు ఒక అడుగు వేస్తే గుండెకు తగలాల్సింది పొట్టకు తగులుతుంది. దగ్గరలో దీని లోపం వేరు. 50-60 గజాల్లో భుజం ఎముకకు కొడితే బుల్లెట్ చిట్లిపోయి మాంసం పాడవుతుంది, అవతలి వైపు రంధ్రం పడకపోవచ్చు, నెత్తుటి జాడా దొరకదు. దట్టమైన పొదల్లో వేటైతే 120 గ్రెయిన్ల రాగి బుల్లెట్ మేలు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు నిషేధం కాబట్టి ఎలాగూ రాగే. పళ్లెం మీద బాగా పడుతున్నాయని మ్యాచ్ బుల్లెట్‌నే వేటకు తీసుకెళ్లకండి. ఒకసారి సూదిలా దూరిపోతుంది, ఇంకోసారి పైనే పగిలిపోతుంది.

మనుబోతుకు క్రీడ్‌మోర్ వద్దు. పెద్ద మగది 600 పౌండ్లు తూగొచ్చు, మెడ మీద భుజాల మీద తోలు మందం, దెబ్బ తిన్నాక పరుగు ఆపదు. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల గట్టి బుల్లెట్ దాని కొలత. క్రీడ్‌మోర్‌తో కొట్టినవాళ్లూ ఉన్నారు. వెతికీ వెతికీ వదిలేసినవాళ్లూ ఉన్నారు.

బ్యారెల్ ఆయుష్షు 2,000 నుంచి 3,000 తూటాలు, .308లో 5,000 దాకా లాగొచ్చు. మొదట థ్రోట్ (బుల్లెట్ గాడుల్లోకి దిగే మొదలు) అరుగుతుంది. వేగం తగ్గడం, ఐదింట్లో ఒకటి కారణం లేకుండా పక్కకు దూకడం దాని గుర్తులు. వేగంగా పది పదిహేను కాల్చే అలవాటుంటే ఇంకా ముందే పోతుంది. ఏడాదికి రెండు పెట్టెలు కాల్చే వేటగాడు ఈ పేరా మర్చిపోవచ్చు. బ్యారెల్ పోయిందని తీర్మానించే ముందు కార్బన్ రింగ్ చూడండి. ఖోలు మూతికి సరిగ్గా ముందు మసి గట్టిపడి ఉంగరంలా పేరుకుంటుంది. దాంతో ఒత్తిడి పెరిగి, నిన్నటిదాకా మెత్తగా తిరిగిన బోల్ట్ ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. మామూలు సాల్వెంట్‌కు లొంగదు. కార్బన్ క్లీనర్ నానబెట్టి కంచు బ్రష్‌తో రుద్దాలి, ఆపైన బ్యారెల్ లోపల చూపించే బోర్‌స్కోప్‌తో చూసుకోవాలి.

తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్లకు హెచ్4350 అనే మందే మొదటి మాట. ఎండకు దీని వేగం పెద్దగా మారదు. అయినా ఎండలో నిలిపిన ట్రక్కు డాష్‌బోర్డ్ మీద తూటాలు వదిలేస్తే ఏ మందూ కాపాడదు. కొలత మాన్యువల్లోని కనిష్ఠం నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. హార్నడీ ఖోళ్లు ఐదారుసార్లకు ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న టోపీ) గుంట వదులవుతాయి. లాపువా కంపెనీవి చిన్న ప్రైమర్‌తో వస్తాయి, ఎక్కువకాలం నిలుస్తాయి. వాటితో రెండు చిక్కులు. నిప్పురంధ్రం 1.5 మిల్లీమీటర్లే కాబట్టి పాత ప్రైమర్‌ను తోసే మామూలు డీక్యాపింగ్ పిన్ను ఇరుక్కుని వంగుతుంది, సన్నది విడిగా కొనాలి. ఫైరింగ్ పిన్ రంధ్రం వదులుగా ఉన్న యాక్షన్లలో ప్రైమర్ చుట్టూ అంచు లేస్తుంది, ఒక్కోసారి చిల్లు పడుతుంది. అది అధిక ఒత్తిడి అనుకుని మందు తగ్గిస్తూ పోతారు. అసలు పరిష్కారం బోల్ట్‌ను గన్‌స్మిత్ దగ్గర బుష్ చేయించడం, అంటే ఆ రంధ్రం బిగించడం.

ఇంకా వేగమైన తూటా 6.5 పీఆర్‌సీ అదే 143 గ్రెయిన్లకు సెకనుకు 2,960 అడుగులు ఇస్తుంది. ఎల్క్ అనే పెద్ద జింక కోసం కొండలెక్కేవాళ్లకు అది సబబు, కానీ మ్యాగ్నమ్ బోల్ట్ కావాలి, తన్నూ ఎక్కువే, బ్యారెల్ త్వరగా పోతుంది. పోటీల్లో పైవరసవాళ్లు 6 ఎంఎం తూటాలకు మారారు. బ్యారెల్‌ను టైర్‌లా మార్చగలిగితే మీరూ మారొచ్చు. రెండో బ్యారెల్‌కూ మేం తీసుకున్నది 24 అంగుళాలు, 1:8 ట్విస్ట్, అదే క్రీడ్‌మోర్ చాంబర్.