డాబాగార్డెన్స్ పాత నాణేల కొట్టు: 12 అమ్ముదామని వెళ్ళి 4 అమ్మి వచ్చా

వైజాగ్‌లో జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ వైపు వెళ్తుంటే ఓ సందులో మేడ మీద ఉంటుంది ఈ కొట్టు, బోర్డు లేదు, స్టాంపులూ పాత నోట్లూ నాణేలూ కొంటారు, అమ్ముతారు. నా దగ్గర సాతవాహనుల పోటిన్ నాణేలు (రాగి, తగరం, సీసం కలిపిన లోహం) 14 పోగయ్యాయి, అన్నిటికీ ముందు తొండం ఎత్తిన ఏనుగు, వెనక నాలుగు సున్నాల ఉజ్జయిని గుర్తు. ఒకే రకానివి ఇన్ని ఎందుకులే, రెండు ఉంచుకుని మిగతావి ఇచ్చేసి ఆ డబ్బుతో విష్ణుకుండినుల సింహం నాణెం కొనుక్కుందామని శనివారం పట్టుకెళ్ళా.

"డూప్లికేట్లు తెచ్చానండి" అన్నా. "డూప్లికేట్లంటే ఏటి బాబూ, నకిలీవా, ఒకే రకానివా?" అని అడిగారు పెద్దాయన. ఎందుకలా అడిగారో అరగంటలో తెలిసింది. బల్ల మీద గుడ్డ పరిచి ఒక్కోటీ తూచి, భూతద్దంతో చూసి, రెండిటిని పక్కకి తీశారు. రెండిటికీ ఏనుగు ముందు కాలి మీద ఒకే గుంట, అంచున ఒకే చోట ఒకేలాంటి చెక్కు. సుత్తి దెబ్బతో ఒక్కొక్కటిగా చేసిన నాణేలు గుంటతో సహా ఒకేలా రావు, ఇవి ఒకే అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోసినవి అన్నారు. రెండూ ఆన్‌లైన్లో ఒకతని దగ్గరే రెండు నెలల తేడాతో కొన్నా, విడివిడిగా ఎన్నిసార్లు చూసినా అనుమానం రాలేదు. ఒకటి అమ్మేసి ఉంటే రెండోది నకిలీ అని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మంచివి మిగిలాయి కదా, వాటిలో మూడిటిని వరసగా పెట్టి "ఈ దంతం చూడు, తొండం మెలిక చూడు" అన్నారు. మూడూ ఒకే అచ్చుతో (బొమ్మ చెక్కిన దిమ్మతో) కొట్టినవి, కానీ బరువులు వేరు, అంచులు వేరు, దెబ్బ పడిన చోటు వేరు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కాబట్టి చుట్టూ ఉన్న బ్రాహ్మీ అక్షరాలు ఏ నాణెం మీదా పూర్తిగా పడవు. ఒకదాని మీద "రఞో" (రాజుది) ఉంది, రెండోదాని మీద "సిరి" (శ్రీ), మూడోదాని మీద చివరి "సాతకణిస" (సాతకర్ణిది). ఆయన కాయితం మీద గుండ్రంగా గీసి ఏ అక్షరం ఎక్కడో రాస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది, ఆరేళ్ళుగా ఆల్బమ్‌లో పక్కపక్కనే ఉన్నాయి ఇవి!

ఇంక ఏవి ఉంచుకోవాలో ఆయనే చెప్పారు: కొత్త అక్షరం కనిపించినా, బరువు బాగా తేడా ఉన్నా, ఏనుగుని వేరేలా చెక్కినా ఉంచుకో, అరిగిపోయి ఏమీ కనపడనివి ఇచ్చెయ్యి. అలా 8 ఉంచి 4 ఇచ్చా. ఒక్కోటి 350. ఆన్‌లైన్లో ఇంకాస్త రావొచ్చు, ఆ మాట ఆయనే చెప్పారు.

ఎక్కడ కొన్నావని ప్రతిదానికీ అడుగుతారు, పొలంలో దొరికిందంటే అస్సలు ముట్టుకోరు, 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. ఇది నాకు బాగా నచ్చింది, మన తొట్లకొండ బౌద్ధ క్షేత్రంలో సాతవాహన నాణేలు తవ్వకాల్లో దొరికాయి కాబట్టే ఎక్కడివో తెలుసు, ఎవడో తవ్వి జేబులో వేసుకుంటే ఆ సంగతే పోతుంది.

నచ్చనివి: మెట్లు ఇరుకు, సాయంత్రం అయిదు తర్వాతే తీస్తారు, అడిగితే గానీ బిల్లు ఇవ్వరు. పైగా మెత్తటి పీవీసీ కవర్లు అమ్ముతున్నారు, అందులో పెడితే కొన్నాళ్ళకి నాణెం జిగటగా, ఆకుపచ్చగా మారుతుంది, కొనకండి. వేరేవి తెప్పించమని చెప్పి వచ్చా.

సింహం నాణెం కొనలేదు. ఆ కాయితం మీద "సిరి"కీ "సాతకణిస"కీ మధ్య ఇంకా ఖాళీ ఉంది, ఈ నాణేలు వేయించిన రాజు యజ్ఞ సాతకర్ణా, కుంభ సాతకర్ణా అన్నది అక్కడే తేలాలి, ఆ చోటు కనిపించే ఏనుగు నాణెం వస్తే ఫోన్ చేస్తానన్నారు.