‘తుప్పు వదిలించిన’ పాత స్ప్రింగు బోను కొనబోయేవారికి హెచ్చరిక

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత పనిముట్లు, కుంచాలు, మానికలు, తాళాలు సేకరించే మిత్రులకు ఒక విషయం తెలియజేయాలి. జంతువులను పట్టడానికి వాడిన, రెండు ఇనుప దవడలతో టపీమని మూసుకునే పాతకాలపు స్ప్రింగు బోనును, “తుప్పంతా వదిలించి బాగు చేసినది, అలమరలో పెట్టుకోవడమే తరువాయి” అన్న హామీ మీద, నెల్లూరులో పాత సామాన్లు అమ్మే ఒక వ్యాపారి దగ్గర నేను 4,500 రూపాయలకు కొన్నాను. చూపులకు బాగుంటుందని ఆయన దవడలు తెరిచి, మధ్యలో కర్రముక్క అడ్డుపెట్టి ఇచ్చాడు. కొద్ది రోజులకే, ఎవరూ తాకకుండానే, ఒక రాత్రి స్ప్రింగు వంపు దగ్గర విరిగి, ముక్క ఎగిరి అలమర అద్దం పగిలింది. పక్కన పిల్లలెవరూ లేకపోవడం మా అదృష్టం.

విరిగిన చోటును భూతద్దం పెట్టి చూస్తే సగం మేర నల్లగా, పాత తుప్పు పట్టి ఉంది. మిగిలిన సగం అప్పుడే తెగిన ఇనుములా బూడిద రంగులో రవ్వలు రవ్వలుగా మెరుస్తోంది. అంటే పగులు మునుపటిదే. దానిలో ఎం-సీల్ కూరి, ఉప్పు కాగితంతో చదును చేసి, పైన నల్ల రంగు కొట్టారు. దవడల కీలు దగ్గర గోటితో గీరితే రంగు పెచ్చుగా లేచి, అడుగున నారింజ రంగు పొడి రాలింది. బాత్‌రూములు కడిగే యాసిడ్‌లో ముంచి, సరిగా కడగకుండా రంగు వేస్తే సందుల్లో మిగిలిన యాసిడ్ ఇలాగే లోపలి నుంచి తినేస్తుంది. మన సముద్రపు గాలికి అది మరీ తొందరగా పైకి తేలుతుంది.

యాసిడ్ వల్ల అంతకన్నా పెద్ద ప్రమాదం స్ప్రింగుకే ఉంది. యాసిడ్‌లో నానినప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అటువంటి స్ప్రింగును నొక్కిపెట్టి ఉంచితే వెంటనే కాకపోయినా, గంటలకో రోజులకో పుటుక్కున తెగిపోవచ్చు. బిగుసుకున్న కీళ్లు వదలడానికి గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చినా నష్టమే, ఎందుకంటే స్ప్రింగు పదును పోయి మెత్తబడుతుంది. తళతళలాడే బోనును చూసి ముచ్చటపడకండి. నా మట్టుకు నాకు తుప్పుతో ఉన్న బోనే నమ్మదగిన సరుకు, ఎందుకంటే దానిలో లోపం కంటికి కనబడుతుంది.

విలువ సంగతి కూడా గమనించాలి. ఇంగ్లండులో ఇటువంటి బోనుల తయారీకి వెడ్నెస్‌ఫీల్డ్ ఊరు పేరుపొందింది. ఇంగ్లండులో దవడ బోనుల వాడకాన్ని 1958లో నిషేధించారు. పాతవాటి మీద తయారీదారు అచ్చు అక్షరాలు ఉంటే సేకర్తలకు అదే ముఖ్యం. నాకు అమ్మిన దానిలో నడిమి పలక మీద అక్షరాలు ఉండవలసిన చోట గ్రైండరు చక్రం గీతలు మాత్రమే మిగిలాయి.

అందువల్ల రంగు వేసిన బోనును కొనవద్దు. తప్పదనుకుంటే దవడలు మూసి ఉంచిన స్థితిలోనే స్ప్రింగు వంపును, రివిట్లను పగటి వెలుతురులో పరిశీలించండి. అయస్కాంతం గట్టిగా అతుక్కోని చోట ఎం-సీల్ ఉందని అనుమానించవచ్చు, కానీ సన్నని పగులులోని పూతను అది పట్టివ్వలేదు. తుప్పు పట్టినదాన్ని కొని ఇంట్లో శుభ్రం చేసుకోవడమే మేలు: కీళ్లను కిరోసిన్‌లో నానబెట్టి, తీగల బ్రష్‌తో రుద్ది, కరక్కాయ కషాయం పూస్తే మిగిలిన తుప్పు నల్లగా మారి నిలుస్తుంది, ఆరాక పలుచగా నూనె రాస్తే చాలు. చాకలి సోడా నీళ్లలో ముంచి, బ్యాటరీ ఛార్జరు తీగలు తగిలించి తుప్పు తీసే పద్ధతి మామూలు ఇనుముకు బాగానే పనిచేస్తుంది గానీ, అక్కడా హైడ్రోజన్ పుడుతుంది కనుక స్ప్రింగును అందులో వేయకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను ఛార్జరు రెండో తీగకు తగిలిస్తే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది.

“పొలంలో పందులకు కూడా పెట్టుకోవచ్చు” అని ఆ వ్యాపారి అన్న మాటను ఎవరూ పట్టించుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బోను పెట్టి అడవి జంతువును పట్టడమే కాదు, పట్టే ప్రయత్నం కూడా వేట కిందికే వస్తుంది. బోనులను ఆయుధాల్లో చేర్చారు. నల్లమల అంచున గిద్దలూరు వైపు ఉండేవారు దీన్ని మరింత గుర్తుంచుకోవాలి.

డబ్బు వాపసు అడిగితే వ్యాపారి రసీదు చూపించమన్నాడు. అందులో ఉన్నది “పాత ఇనుప సామాను, 1” అన్న మాట మాత్రమే. బాగు చేసినదన్న ఊసే లేదు. 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేశాను. కొనేవారు మాత్రం “స్ప్రింగుకు పగులు లేదు, యాసిడ్ వాడలేదు” అని రసీదు మీదే రాయించుకోండి. రాయనంటే డబ్బు ఇవ్వకండి.