నాలుగు తంత్రీవాద్యాలు, కొన్ని సినిమా పాటలు, మధ్యలో దీక్షితులు

గత శనివారం సాయంత్రం విశాఖపట్నం బీచ్ రోడ్డుకు దగ్గరలోని ఒక సభామందిరంలో స్ట్రింగ్ క్వార్టెట్ కచేరీ విన్నాను. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో వాయించే నలుగురు యువకళాకారులు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని తెలుగు సినిమా పాటలతో కలిపి, ఇటువంటి కచేరీల గడప ఎన్నడూ తొక్కనివారిని రప్పించాలని తలపెట్టిన కార్యక్రమమిది. టికెట్టు 300 రూపాయలు. హాలు ముప్పాతిక వంతు నిండింది. వచ్చినవారిలో పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులే ఎక్కువ.

పాశ్చాత్య స్వరకర్త మోత్సార్ట్ 1787లో రాసిన "చిన్న రాత్రి సంగీతం" అనే రచన మొదటి భాగంతో ఆరంభించారు. ఫోన్ల రింగుటోన్ల పుణ్యమా అని అందరి చెవినా పడినదే కాబట్టి హాలు వెంటనే దగ్గరైంది. అసలు విందు ఆ తరువాత వచ్చింది. చెక్ స్వరకర్త ద్వోర్జాక్ 1893 వేసవిలో అమెరికాలోని స్పిల్‌విల్ అనే పల్లెలో ఉండగా రాసిన క్వార్టెట్‌లో మొదటి వరుసను ఎత్తుకునేది వయొలిన్ కాదు, వియోలా. వయొలిన్ కంటే కొంచెం పెద్దదై, కంఠం బరువుగా ఉండే ఆ వాద్యం ఐదు స్వరాలతోనే పలికేసరికి, నా పక్కన కూర్చున్న పెద్దాయన "మోహనలా ఉందే!" అని పైకే అన్నారు. ఆయన మాటలో తప్పులేదు. స్వరాలు మన మోహన రాగానివే, గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) మాత్రం లేవు. ఏ ఉపన్యాసమూ లేకుండా కొత్త శ్రోతకు దారి చూపడమంటే ఇదేనని నాకు తోచింది.

సినిమా పాటల దగ్గర నాకు కొంత పేచీ ఉంది. ఘంటసాల పాడిన రెండు పాత పాటలలోనూ పాటంతా మొదటి వయొలిన్‌కే అప్పగించి, తక్కిన ముగ్గురినీ కింద స్వరసమ్మేళనాలు నిలిపే పనికి పరిమితం చేశారు. క్వార్టెట్ అంటే నలుగురి సంభాషణ. ఇక్కడ ఒకరు మాట్లాడుతుండగా ముగ్గురు తలలూపారు. పైగా ఘంటసాల గొంతులోని జారు, అంటే స్వరం నుంచి స్వరానికి జారే పలుకు, కమానుకు అందక, స్వరాలు మెట్లుమెట్లుగా వినిపించాయి. మూడవ పాటలో మాత్రం చెల్లో కమానును పక్కనపెట్టి తంత్రులను మీటుతూ మృదంగం పని చేయగా, పల్లవిని ఒకరినుంచి ఒకరు అందుకున్నారు. అమెరికాలో 1973లో ఏర్పడిన క్రోనోస్ క్వార్టెట్ 2005లో ఆశా భోంస్లేతో కలిసి ఆర్.డి.బర్మన్ పాటలను రికార్డు చేసింది. ఆ దారిలో నడవగల సత్తా వీరికి ఉందని ఆ ఒక్క పాట చెప్పింది.

అన్నింటికంటే నాకు నచ్చినది ముత్తుస్వామి దీక్షితుల నోటు స్వరం, "సంతతం పాహిమాం". బ్రిటిష్ రాజగీతపు వరుసకు దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చి, శంకరాభరణంలో నిలిపిన కృతి అది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. కలపడమనే పనిని మనవాళ్లు రెండు వందల ఏళ్ల క్రితమే ఇంత తేలిగ్గా చేసిపెట్టారన్నమాట. పక్కనే విజయనగరంలో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు నడిపిన సంగీత కళాశాల ఉండగా, ఈ కథను వ్యాఖ్యాత ఒక్క ముక్కలో తేల్చేయడం బాగోలేదు.

ఏర్పాట్ల విషయానికి వస్తే, మొదటి వయొలిన్ ముందు పెట్టిన మైకు మరీ ఎక్కువై వియోలాను పలుమార్లు మింగేసింది. సముద్రపు తేమకు, ఏసీ చల్లదనానికి మధ్య బిరడాలు పట్టు తప్పి రెండుసార్లు శృతి సరిచూసుకోవలసి వచ్చింది. అది ఈ ఊరి వాతావరణం తెచ్చిన కష్టం, కళాకారులను అనడానికి లేదు. పాశ్చాత్య కచేరీల ఆనవాయితీకి భిన్నంగా భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టినవారిపై ఎవరూ చిరాకుపడకపోవడం నాకు సంతోషం కలిగించింది.

తరువాతి కచేరీకి వెళ్లేవారు కుడివైపు ముందు వరుసలలో చోటు చూసుకోవడం మంచిది. వియోలా, చెల్లో అటువైపే కూర్చున్నాయి. మైకు మింగేసినదంతా అక్కడ నేరుగా చెవికి అందుతుంది.