పెయింట్‌బాల్ పెరగాలంటే టీవీ కావాలా, మైదానాలు కావాలా?

1981లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ అడవిలో 12 మంది మొదలుపెట్టిన ఆట పెయింట్‌బాల్; రంగు నింపిన గుళికలను ఒకరిపై ఒకరు పేల్చుకుంటారు, తగిలినవాడు ఔట్. అడవిలో జరిగేదాన్ని కెమెరా పట్టుకోలేదు. అందుకే పోటీలు చదునైన మైదానానికి, గాలి నింపిన బంకర్ల (చాటున నక్కే అడ్డాల) మధ్యకు వచ్చాక, గడియారంతో పాయింట్ల లెక్కతో సాగే ఎక్స్‌బాల్ పద్ధతిని టీవీని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. ఈఎస్‌పీఎన్‌లో ప్రసారాలు కూడా వచ్చాయి.

టీవీకి ఉన్న బలం కాదనలేనిది. ఆట పేరే వినని ఇంట్లోకి అది నేరుగా వెళుతుంది, స్పాన్సర్లను తెస్తుంది. కానీ తెరమీద ఏం కనిపిస్తుంది? 0.68 అంగుళాల గుళిక సెకనుకు దాదాపు 300 అడుగుల వేగంతో పోతుంటే కంటికి అందదు. పదిమంది ఆటగాళ్లు ఒకేసారి పది చోట్ల కదులుతారు. కెమెరా ఎడమవైపు బంకర్‌ను చూపిస్తుండగా కుడివైపు ఇద్దరు ఔటైపోతారు. చూసేవాడికి ఎవరు ఎందుకు గెలిచారో అర్థం కాదు. క్రికెట్‌లో బంతిని చూస్తే చాలు, ఇక్కడ ఆ సౌలభ్యం లేదు.

మైదానం సంగతి వేరు. మాస్కు, మార్కర్ (గుళికలు పేల్చే తుపాకీ) అద్దెకిచ్చి, పిల్లలకు దెబ్బ తక్కువగా తగిలే 0.50 అంగుళాల గుళికలతో ఆడిస్తే ఆట గంటలో ఒంటబడుతుంది. గుళికల ఖర్చే అసలు అడ్డంకి; దాన్ని టీవీ తగ్గించలేదు, మైదానం నడిపేవారు తగ్గించగలరు.

డబ్బు ఒక్కదానికే సరిపోతే నేను మైదానాలకే ఇస్తాను. ఒకసారి బంకర్ వెనక నక్కినవాడికి ప్రసారం కూడా అర్థమవుతుంది.