ఆఫర్ లెటర్‌లో ఆ ఒక్క మాట: చిన్న కంపెనీకి ఇంటి నుంచి పని, నాలుగున్నరేళ్ళ తర్వాత

తెనాలిలో మా ఇంట్లో కూర్చుని, హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి నాలుగున్నరేళ్ళుగా పనిచేస్తున్నాను. 2021 జూన్‌లో నేను చేరినప్పుడు మొత్తం 11 మందిమి, ఇప్పుడు 13 మందిమి. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం, నాది టెస్టింగ్. ఇంటర్నెట్, ఇన్వర్టర్, నడుం నొప్పి గురించి ఇక్కడ రాయను. లాక్‌డౌన్ చూసిన ప్రతి ఇంటికీ అవి తెలుసు. ఇలాంటి ఉద్యోగంలో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకు నేను చెప్పాలనుకున్నది నా ఆఫర్ లెటర్‌లో ఉన్న ఒక మాట గురించి. 'కన్సల్టెంట్' అన్న మాట. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

మా ఆయన ఇక్కడికి దగ్గర్లో ప్రభుత్వ బడిలో టీచరు. పెళ్ళయ్యాక కూడా నేను కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ పెద్ద కంపెనీలో పనిచేశాను. శుక్రవారం రాత్రి రైలెక్కడం, సోమవారం పొద్దున్నే మళ్ళీ హైదరాబాద్‌లో దిగడం. 2020 డిసెంబరులో నాన్నకు పక్షవాతం వచ్చింది. నేను ఒక్కతే కూతుర్ని. అప్పటికి ఇంటి నుంచే పని నడుస్తున్నా, ఆ కంపెనీ ఏదో ఒక రోజు ఆఫీసుకు రమ్మంటుందని తెలుసు. అందుకే 72 వేల జీతం వదులుకుని 55 వేలకు ఇందులో చేరాను. ఆ 17 వేల గురించి నేను ఎప్పుడూ బాధపడలేదు. నాన్నకు ఫిజియోథెరపీ చేసే అబ్బాయి పదింటికి వచ్చేవాడు. ఆ గంటసేపు ఆయన పక్కనే ఉండేదాన్ని, ఎవరినీ పర్మిషన్ అడిగే పనిలేదు. ఎనిమిది నెలల తర్వాత నాన్న ఎవరి ఆసరా లేకుండా వరండా దాకా నడిచి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దానికి ఏ జీతమూ సాటి రాదు.

మొదటి రెండేళ్ళూ ఈ ఉద్యోగం గురించి అందరికీ గొప్పగా చెప్పాను. అందులో కొన్ని మాటలు ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. గంట రెండు గంటలైతే పర్మిషన్ అక్కర్లేదు, అది నిజం. కానీ రోజంతా పనిచేయకపోతే ఆ రోజు డబ్బు రాదు. కన్సల్టెంట్‌కు జీతంతో సెలవు ఉండదు. నాన్నను మళ్ళీ ఆసుపత్రిలో చేర్చిన 12 రోజులకూ డబ్బు తగ్గించే వేశారు. సాయంత్రం ఆరింటికి పని అయిపోతుందని కూడా చెప్పేదాన్ని. మామూలు రోజుల్లో అయిపోతుంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారినప్పుడు మాత్రం మాకు నిద్ర లేదు. ఎక్కువ మందులు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. 3న ప్రకటన వస్తే 22 నుంచి అమలు. టెస్టింగ్‌కు ఉన్నది మేం ఇద్దరమే. పాత ఎమ్మార్పీ ఉన్న స్ట్రిప్పులకు బిల్లు ఎలా కొట్టాలని షాపులవాళ్ళు అర్ధరాత్రి దాకా ఫోన్లు చేశారు. చిన్న కంపెనీలో పని మీద పడితే పంచుకోవడానికి పక్కన మనిషి ఉండడు.

ఇవన్నీ సర్దుకుపోయే విషయాలు. సర్దుకోలేనిది ఇప్పుడు చెబుతాను.

చేరేటప్పుడు వచ్చిన కాగితంలో కన్సల్టెంట్ అని ఉంటే అది హోదా పేరు అనుకున్నాను. నెలనెలా 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే ఆదాయపు పన్ను, పోను 49,500 ఖాతాలో పడేది. తెలిసిన ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే, "అమ్మా, ఇది జీతం కాదు, ఫీజు" అని చెప్పి, సొంతంగా వృత్తి చేసుకునేవారి కోసం ఉన్న 44ఏడీఏ సెక్షన్ కింద ఆదాయపు పన్ను రిటర్ను వేశారు. వచ్చిన మొత్తంలో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, మిగతా సగం ఖర్చుల కింద పోతుంది. 2022–23లో నాకు వచ్చింది 6 లక్షల 60 వేలు అయితే ఆదాయం 3 లక్షల 30 వేలు అని చూపించాం. పన్ను పడలేదు, కోసిన 66 వేలూ తిరిగి వచ్చాయి. ఎంత సంతోషపడ్డానో! పెద్ద కంపెనీలో ఉండగా ఇంత రీఫండ్ ఎప్పుడూ చూడలేదు. అమ్మకు గాజులు చేయించాను.

2024 జనవరిలో నాన్న పాత డాబా ఇంటిని నా పేరున రాశారు. దాని మీద ఒక పోర్షన్ వేయాలని బ్యాంకుకు వెళ్ళి 20 లక్షలు అడిగాను. 55 వేల జీతానికి అది పెద్ద అప్పేమీ కాదు. మేనేజర్ గారు మర్యాదస్తులు. మూడు నెలల పే స్లిప్పులు, రెండేళ్ళ ఫారం 16 (జీతం మీద కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే కాగితం) ఇవ్వమన్నారు. నా దగ్గర ఉన్నది ఫారం 16ఏ, ఫీజుల్లాంటి వాటి మీద కోసిన పన్నుకు ఇచ్చేది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు ఉద్యోగి కాదమ్మా, సొంతంగా వృత్తి చేసుకునేవారి కింద వస్తారు. మీ రిటర్నులు ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. కాలిక్యులేటర్ మీద లెక్క వేసి, 11 లక్షలకు మించి రాదన్నారు. సార్, నెలకు 55 వేలు వస్తున్నాయి కదా అంటే రిటర్నులోని అంకె మీద వేలు పెట్టి చూపించారు. 3,30,000. నేను సంతకం పెట్టిన అంకె అది. రీఫండ్ తెచ్చిపెట్టిందీ, ఇప్పుడు అప్పు రాకుండా చేసిందీ ఆ అంకే.

ఆ రోజు బ్యాంకు మెట్లు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బు గురించి కాదు. మూడేళ్ళుగా రోజూ తొమ్మిదింటికి లాగిన్ అవుతూ, ఒక కంపెనీకే పనిచేస్తూ, నేను ఉద్యోగినే కానని ఎవరో కాగితాలు చూసి చెప్పారు. ఇంటికొచ్చి ఆ ఆఫర్ లెటర్ మొదటిసారి పూర్తిగా చదివాను. వాళ్ళు 15 రోజుల నోటీసుతో నన్ను ఆపేయొచ్చట, నేను మానేయాలంటే మాత్రం 60 రోజుల ముందు చెప్పాలట. ఏళ్ళ తరబడి పనిచేసి మానేసే ఉద్యోగికి ఇచ్చే గ్రాట్యుటీ ఊసే లేదు.

కంపెనీలో మా సార్‌తో మాట్లాడాను. ఆయన చెడ్డవారు కాదు, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసి అడిగిన మనిషి. "మన దగ్గర 20 మంది లేరు కదమ్మా, పీఎఫ్ మనకు వర్తించదు. మొదట్నుంచీ అందరినీ ఇలాగే తీసుకున్నాం, ఆడిటర్ చెప్పాడు" అన్నారు. పీఎఫ్ సంగతి ఆయన చెప్పింది నిజమే. కానీ నేను అడిగింది పీఎఫ్ కాదు, నన్ను ఉద్యోగిగా రాయమని. రెండు నెలలు వెంటపడ్డాక 2024 ఏప్రిల్ నుంచి నన్నూ, ఇంకో ముగ్గురినీ రోల్స్ మీదికి, అంటే ఉద్యోగుల జాబితాలోకి తీసుకున్నారు. ఇప్పుడు పే స్లిప్పు వస్తుంది, ఏడాదికి ఇన్ని అని జీతంతో సెలవులున్నాయి. వృత్తి పన్ను 200 పోను 54,800 చేతికి వస్తుంది. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో ఈ జీతానికి పన్ను పడదు కాబట్టి టీడీఎస్ కూడా లేదు. గ్రాట్యుటీ లెక్క మాత్రం అప్పటి నుంచే. ముందరి మూడేళ్ళు ఎందులోనూ లేవు.

రెండేళ్ళ ఫారం 16లు చేతికొచ్చేదాకా ఆగలేక, మా ఆయన్ని కూడా దరఖాస్తులో చేర్చి 2024 ఆగస్టులో లోను తీసుకున్నాం. పోర్షన్ పూర్తయింది, అద్దెకు ఇచ్చాం. అయినా నా పేరున ఉన్న ఇంటికి నా సంపాదన మీదే అప్పు తెచ్చుకోవాలన్న కోరిక తీరలేదు.

మరి చేరొచ్చా? నావరకు చేరడం తప్పు కాదు. ఇంట్లో ఒక ప్రభుత్వ జీతం ఉంది, సొంత ఇల్లుంది, పక్కన ఉండాల్సిన నాన్న ఉన్నారు. ఇంటికి మీ ఒక్కరి సంపాదనే ఆధారమైతే, రెండు మూడేళ్ళలో ఇల్లో కారో కొనాలనుకుంటే నా మాట వేరేగా ఉంటుంది. కన్సల్టెంట్‌గానే చేరక తప్పకపోతే, రిటర్ను వేసే ముందు రీఫండ్‌తో పాటు రేపటి లోను గురించి కూడా ఆడిటర్‌తో మాట్లాడండి. కంపెనీ ఎప్పుడు పెట్టారో, లెక్కలు సమర్పిస్తున్నారో లేదో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే చూడొచ్చు. అంతకంటే ముందు హెచ్‌ఆర్‌ను ఒక్కటి అడగండి: నాకిచ్చే డబ్బును జీతంగా చూపిస్తారా, ఫీజుగా చూపిస్తారా? జవాబు మెయిల్‌లో తీసుకోండి.

పోయిన వారం పొన్నూరు నుంచి మా పిన్ని కూతురు తనకొచ్చిన ఆఫర్ లెటర్ ఫొటో పంపింది. ఎనిమిది మంది ఉన్న కంపెనీ, ఇంటి నుంచే పని, 32 వేలు. రెండో పేజీ మధ్యలో ఆ మాట ఉంది. నేను గుండ్రంగా గీత గీసి తిరిగి పంపాను. "అక్కా, ఇది అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో" అని భయపడింది. అడగమన్నాను. నిన్న మెయిల్ పెట్టింది. ఇంకా జవాబు రాలేదు.